వెనకగది మేస్త్రి

కోడలు గిన్నెలు తోమే పీచుతో గోళ్ళ సందుల్లోని నల్లటి ఆయిల్ మరక గీక్కుంటూ ఉంటే అత్తగారు అననే అన్నారు: "వడ్డించే చేతులా అవి? బొగ్గుల్లో పొర్లినట్టున్నాయి." ఆ చేతులు పొద్దుటినుంచీ ఎవరి దుకాణంలో ఏం పని చేశాయో అత్తగారికి తెలుసు. పైకి అంటే కొడుకు పరువు పోతుంది, అంతే.

దుకాణం ఇంటి ముందు గదిలోనే. బోర్డు మీద ఆమె భర్త పేరు. రంపం మిషన్లు బాగుచేయించుకోవడానికీ, వాటి జోరు పెంచించుకోవడానికీ చెట్లు కొట్టేవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చేవారు. ఆయన వాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. కబుర్లలో ఆయన్ని మించినవాడు లేడు. మిషను మాత్రం తెర దాటి వెనకగదిలో ఆమె బల్ల మీదికి వచ్చేది. ఎవరైనా తొంగిచూస్తే, "మా ఆవిడ. తుడిచిపెడుతుంది" అనేవాడు.

తుడవడం కూడా నాన్న దగ్గరే నేర్చుకుంది. నాన్నదీ ఇదే పని, రేకుల షెడ్డులో. పెట్రోలు వాసన, తడి రంపప్పొట్టు వాసన కలిసి ముక్కుకి తగిలితే ఇప్పటికీ ఆమె మళ్ళీ చిన్నపిల్ల అయిపోతుంది. నాన్న సిలిండర్ ఊడదీసి వెలుతురుకి ఎత్తి పట్టుకునేవాడు. "ఇదిగో అమ్మడూ, పొగ బయటికి పోయే దారి. ఇరుగ్గా ఉంది చూశావా? కాస్త వెడల్పు చేస్తే మిషను హాయిగా ఊపిరి తీసుకుంటుంది. అత్యాశకి పోయి ఎక్కువ గీకావో, పిస్టన్ రింగు ఆ అంచుకి తగులుకుని విరుగుతుంది." గరుకు కాగితం ఆమె వేలికి చుట్టి ఇచ్చేవాడు. నాన్న వేళ్ళు లావు, లోపలికి దూరేవి కావు. అంచు నునుపు తేలిందో లేదో ఆమె వేలికొసకి తెలిసిపోయేది. దారి పెంచాక కార్బొరేటర్ స్క్రూ వదులు చేసి పెట్రోలూ పెంచాలి. ఎంతన్నది చెవి చెప్పాలి. "కట్టెకి ఆనించకుండా గాల్లో తిప్పితే గొణగాలి, కట్టెలో పాడాలి. గాల్లోనే పాడిందంటే అది పాట కాదే, చావుకేక." ఆమె కళ్ళు మూసుకుని వినేది, చాలనిపించినప్పుడు చెయ్యెత్తేది, నాన్న స్క్రూ తిప్పడం అక్కడే ఆపేసేవాడు. ఆమె మాట మీద ఒక మగవాడి చెయ్యి అలా ఆగడం మళ్ళీ ఎక్కడా చూడలేదు. "ఆడపిల్లకి ఈ పనేంటి, రేపు అత్తారింట్లో చేస్తుందా?" అని అమ్మ విసుక్కుంటే, "చేస్తుందేమో, ఎవరు చూశారు" అని నవ్వేవాడు.

చేసింది. కాకపోతే నాన్న అనుకున్నట్టు కాదు. "నీ పనితనం చూసే చేసుకున్నాను" అన్నాడు ఆయన పెళ్ళైన కొత్తలో. అప్పుడు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. తర్వాత మావగారు, "మగవాళ్ళు వచ్చిపోయే చోటు, బావుండదమ్మా" అన్నారు. తెర వచ్చింది.

మొన్న, చెట్లు కొట్టే గెడ్డం మేస్త్రి పెద్ద మిషను తెచ్చాడు. ఆమె పని ముగించి ఇస్తే, అది గాల్లో గొణగడం భర్తకి నచ్చలేదు. "ఏంటీ ఏడుపు? జోరు పెంచమని కదా ఇచ్చాడు" అని స్క్రూ బిగించేశాడు. మిషను కీచుమని అరిచింది. మేస్త్రి మురిసిపోయాడు.

"ఏవండీ, అది వేడెక్కి లోపల పట్టేస్తుంది, ఆగిపోతుంది" అంది తెర వెనకనుంచి.

"పొయ్యి మీద ఏదో మాడుతోంది, చూసుకో" అన్నాడు. ఆమె పొయ్యి వెలిగించనే లేదు.

ఇప్పుడు, చేతులు ఇంకా తడిగా ఉండగానే, ముందు గదిలో గెడ్డం మేస్త్రి గొంతు వినిపించింది. "చెట్టు సగం కోశాక పట్టేసింది. కింద నేనూ మా తమ్ముడూ. గాలి తిరిగి చెట్టు అవతలికి పడింది కాబట్టి బతికాం."

"నేను ముట్టుకోలేదు మేస్త్రీ" అన్నాడు ఆయన నిమ్మళంగా. "ఈసారి మా ఆవిడ చేసింది. ఆడవాళ్ళ పని, ఏం చెప్పను."

ఆమెకి కోపం రావలసింది. నాన్న గుర్తొచ్చాడు. మిషను పాడైతే "నా పొరపాటు" అనేవాడు, బాగా నడిస్తే "మా అమ్మాయి చేసింది" అనేవాడు. ఈ దుకాణంలో ఒక పని ఆమె చేసిందని పైకి చెప్పడం ఇదే మొదలు. అదీ ఆమె చెయ్యని పని.

తెర పక్కకి జరిపి ముందు గదిలోకి వెళ్ళింది. మేస్త్రి ఎగాదిగా చూసి, "నువ్వేనా అమ్మా చేసింది?" అన్నాడు. ఆమె మిషను అందుకుని సైలెన్సర్ విప్పి, లోపల పిస్టన్ మీద పడిన గీతలు చూపించింది.

"పెట్రోలు చాలక ఎండిపోయింది అన్నా. ఆ స్క్రూ బిగించింది నేను కాదు. ఇన్నాళ్ళూ మీరు ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన పనుల్లో నేను చెయ్యనిది అదొక్కటే."

మేస్త్రి ఆయన వంక చూశాడు, ఆమె చేతుల వంక చూశాడు. "అయితే నువ్వే బాగుచెయ్యి తల్లీ. ఇక్కడే కూర్చుంటాను."

"లోపలికి తీసుకెళ్ళు" అన్నాడు ఆయన మెల్లిగా.

ఆమె తీసుకెళ్ళలేదు. వీధి వెలుతురు పడేచోట నేల మీదే గుడ్డ పరిచి, ఒక్కొక్క భాగమే విప్పుతూ కూర్చుంది. ఆయన చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి అత్తగారు, భోజనాల వేళైంది, వడ్డించడానికి రమ్మని పిలిచారు.

"పనయ్యాక వస్తాను, మీరు కానివ్వండి" అంది ఆమె, తలెత్తకుండానే. ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు మగవాళ్ళే అనేవారు.