గేటు బయట దెబోరా

మా అవ్వకు, అంటే చనిపోయిన మా అమ్మకు, రెండు పేర్లు. చర్చిలో దెబోరా, కాగితాల్లో పోశవ్వ. మా వాళ్ళలో ఇది వింతేమీ కాదు. బాప్తిస్మం పేరు ప్రార్థనకూ పిలుపుకూ, పాత పేరు రేషన్ కార్డుకూ కులం సర్టిఫికెట్టుకూ. ఆఫీసులో చర్చి పేరు చెబితే, మతం మారారని ఎస్సీ సర్టిఫికెట్టు రద్దయి ఉన్న నాలుగు మెతుకులూ పోతాయి. నేనూ ఇంట్లో స్తుతిని, పాఠాలు చెప్పే సర్కారు బడిలో మమతారాణిని. బల్ల వెనక కూర్చుని ఎవరు పేరడిగినా మా నోటికి కాగితం పేరే వస్తుంది.

అదే మా కొంప ముంచింది. మందమర్రి అవతల మా పాత ఊరు కొత్త గని కిందికి పోయినప్పుడు సమాధుల తోటకు కూడా నోటీసు అంటించి ఖాళీ చేయించారు. ఎముకలు పెట్టెల్లోకి ఎత్తి, రోడ్డవతల కొత్త స్థలంలో పూడ్చి, ఒక్కొక్కరికి ఒక రాయి పాతుతామన్నారు. పేర్లు రాసుకోవడానికి ఒకతను బల్ల వేసుకుని కూర్చున్నాడు. మా బాపు తోమాసు వరుసలో నిలబడి, తన వంతు రాగానే "పోశవ్వ" అని చెప్పి వచ్చాడు.

రాయి మీద శిలువ గుర్తు, దాని కింద పోశవ్వ. అది చూసి ఇంటికొచ్చిన రోజు బాపు అన్నం ముట్టలేదు.

"పెండ్లయిన కాడికెల్లి దెబోరా అనే పిలిచిన బిడ్డా. గా బల్ల ముంగట నిలవడంగనే నోటికి గదే అచ్చింది" అన్నాడు.

ఈస్టరు ముందు అందరూ తమవాళ్ళ రాళ్ళకు సున్నం వేయడానికి పోతారు. బాపు పోలేదు. ఎందుకని అడిగితే, "గాడ ఎవలో పోశవ్వ పన్నది. గామెతోని నాకేం పని?" అన్నాడు.

రాయి మార్చమని అడిగాం. పోశవ్వ, దెబోరా ఒక్కరేనని అఫిడవిట్ తెమ్మన్నారు. అది రాసిస్తే నా సర్టిఫికెట్టుకు ఎసరు, దాంతోపాటు ఉద్యోగానికీ. బాపు వద్దే వద్దన్నాడు. చనిపోయిన పెళ్ళాం పేరు కావాలో, బతికున్న బిడ్డ కూడు కావాలో తేల్చుకోమని ఒక ముసలాయనను నిలబెట్టారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజుల్లోనే ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. సైన్స్ ఫిక్షన్, ఊహాలోకాల కథలు రాయడం నేర్పే ఆన్‌లైన్ వర్క్‌షాపు. బాగున్న కథలతో పుస్తకం కూడా వేస్తారట. గ్రహాంతరవాసుల మీద నాకేం మోజు లేదు. కల్పిత కథలో పేరుకు ఎవడూ అఫిడవిట్ అడగడు, అంతే. రాయి మీద లేని పేరు అచ్చులోనైనా ఉండాలనుకున్నాను.

"పుస్తకంల ఉంటదా? దెబోరా అనే ఉంటదా?" అని బాపు రెండుసార్లు అడిగాడు. ఉంటుందని చెప్పాను.

ఆదివారం సాయంత్రాలు క్లాసు. నేర్పేది సుధాకర్ గారని, హైదరాబాదులో ఉంటారు. మంచి గొంతు, వీపు వెనక గోడ నిండా పుస్తకాలు. "లోకంలో ఒక్క నియమం మార్చండి, మిగతాదంతా మామూలుగా జరగనివ్వండి" అన్నారు. మాట బాగుంది, కాదనను. పోయినవాళ్ళు లేచి నడుస్తారని ఆ ఒక్క నియమం మార్చాను.

నా కథలో, గని వస్తోందని సమాధులకు నోటీసులు వస్తాయి. పోయినవాళ్ళంతా మూటలు నెత్తిన పెట్టుకుని కొత్త తోటకు నడుస్తారు. గేటు దగ్గర గుమాస్తా పేర్లు పిలుస్తాడు. దెబోరాను వేరే పేరుతో పిలిస్తే ఆమె పలకదు. అందరూ లోపలికి పోయాక ఒక్కతే బయట ఉంటుంది. చివరికి మొగుడొచ్చి అసలు పేరుతో పిలుస్తాడు, ఆమె లోపలికి నడుస్తుంది. బాపుకు చదివి వినిపిస్తే, పిలిచే చోటు మళ్ళీ చదవమన్నాడు.

క్లాసులో అందరూ తెగ మెచ్చుకున్నారు.

"సమాధులకు నోటీసులు! ఈ ఊహ ఎలా తట్టిందండీ మమతారాణి గారూ?" అన్నారు సుధాకర్ గారు.

ఊహ కాదు, మా ఊళ్ళో జరిగిందేనని చెప్పాను. ఆయన నవ్వి, మంచి కథకులంతా అలాగే అంటారన్నారు. చిన్నచిన్న మార్పులు చేసి పుస్తకంలో వేస్తామన్నారు. కామాలూ ఫుల్‌స్టాపులూ కాబోలు అనుకున్నాను.

ఆన్‌లైన్లో ఆవిష్కరణ పెట్టుకున్న రోజే కొరియర్లో పుస్తకం వచ్చింది. నా కథ పేరు 'పేరులేని ఆమె' అని ఉంది. లోపల దెబోరా అన్న మాటే లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"పేరుంటే అది ఒక్కరి కథమ్మా. తీసేస్తే మానవజాతి కథ అవుతుంది. మొగుడొచ్చే ముగింపు కూడా మరీ మెలోడ్రామాగా ఉందని కత్తిరించాను" అన్నారు, నాకేదో మేలు చేసినట్టు.

మానవజాతికి చోటు కావాలంటే లేపేయడానికి మా అవ్వే దొరికింది.

సాయంత్రం ఆవిష్కరణ. కథలో ఏం తీసేశారో బాపుకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాపు ఉతికిన చొక్కా వేసుకుని, కెమెరాలో పడకుండా పక్కనే మంచం మీద కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకం తెరిచాడు. బైబిలు చదివినట్టే అక్షరాల కింద వేలు పెట్టి చదువుతున్నాడు. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. థాంక్స్ చెప్పి ఊరుకుందామనుకున్నాను, చేతకాలేదు.

"ఆమెకు పేరుంది. దెబోరా. మా అవ్వ. వేరే పేరు చెక్కిన రాయి కింద ఉంది" అన్నాను. ఉద్యోగం సంగతి ఆ క్షణాన గుర్తుకే రాలేదు.

అంతలోనే తెర నిండా చప్పట్ల బొమ్మలు. "చూశారా! పుస్తకం అచ్చయ్యాక కూడా పాత్రను వదల్లేదు. అదీ అంకితభావం" అన్నారు సుధాకర్ గారు. భవ్యశ్రీ అని క్లాసులో తోటి అమ్మాయి, ఒళ్ళు జలదరించిందని చాట్‌లో రాసింది. నిజం చెబితే నటన బాగుందన్నారు. ఏడుపొచ్చింది. ఫోన్ బోర్లా పెట్టేశాను.

బాపు కథ చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు. తిప్పి చూశాడు. అవతల వేరే ఎవరిదో కథ మొదలైంది. మళ్ళీ వెనక్కొచ్చి, ఆఖరి లైను కింద వేలు పెట్టి నావైపు చూశాడు.

"మీ అవ్వ గేటు కాడనే నిలవడ్డది. గిండ్ల నేనెటు పోయిన బిడ్డా?"