గుహలో జారిపడిన ఆత్మ

పెళ్లయి నెల కూడా కాలేదు. నాకు ఏది చూసినా నవ్వే. ఆ ఉదయం గుహలోకి వంగి వంగి దిగుతుంటే, ముందు నడుస్తున్న మా ఆయన రియోతా ప్యాంటు వెనక అంటిన బురద చూసి కూడా నవ్వాను.

"మెల్లగా. షూటింగ్ జరుగుతోంది," అన్నాడు.

"హీరోవి నువ్వు కాదుగా!"

అది ఒకినావా యుద్ధంలో చావు తప్పినవాళ్ల మీద తీస్తున్న డాక్యుమెంటరీ. రియోతా నాన్నమ్మ మకాతో మామ్మ ఎనిమిదేళ్ల పిల్లగా ఈ గుహలోనే దాక్కుంది. ఆమె పసితమ్ముడు సేకీ ఇక్కడే పోయాడు. జ్వరంతో అనే ఇంట్లో అందరూ అనుకుంటారు. అసలు ఎలా పోయాడో చచ్చేలోగా చెప్పేయాలని మామ్మే ఈ డాక్యుమెంటరీ వాళ్లకు కబురు పెట్టింది. తీరా కెమెరా ముందు కూర్చున్నాక, "జ్వరమే," అని మొహం తిప్పుకుంది.

"పోనీ, కాసేపు లైట్లు ఆర్పి కూర్చుందామా?" అన్నాడు దర్శకుడు ఒనోదెరా. ఇక్కడికి వచ్చే బడిపిల్లల చేత కూడా అలాగే చేయిస్తారు.

కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. పైనున్న బండ నెత్తి మీదికి దిగుతున్నట్టుంది. రియోతా వేలు నా మెడ మీద పాకింది. కిసుక్కుమన్నాను.

ఒక అరచెయ్యి నా నోరూ ముక్కూ కలిపి నొక్కేసింది.

"ఊరుకోరా సేకీ. పైన అమెరికావాళ్లు తిరుగుతున్నారు. ఊరుకో."

వెనక గోడ, ముందు ఆ చెయ్యి. ఊపిరాడక గోళ్లతో రక్కాను. ఎవరో లైటు వేశారు.

మామ్మ తన చేతి వైపు అలాగే చూసింది. తర్వాత గబగబా మూడు గులకరాళ్లు ఏరి నా జేబులో వేసింది. "చినాత్సూ, రా తల్లీ, ఇంటికి పోదాం," అని నా పేరుతో నేను కూర్చున్న చోటును పిలిచింది. భయపడినచోట ఆత్మ జారిపడిపోతుంది. రాళ్లు ఏరి, పేరుతో పిలిచి వెంట తెచ్చుకోవాలి. మాలో అందరూ చేసేదే.

"కెమెరా ఆపండి," అన్నాడు రియోతా.

"ఆపకు బాబూ," అంది మామ్మ. "జ్వరం కాదు. వాడి ఏడుపు వినబడితే అందరం చస్తాం, నోరు మూయించు, లేదా బయటికి పో అన్నాడు. మన జపాను సిపాయే. అమ్మ నీళ్లకు వెళ్లింది. వాడు నా ఒళ్లో ఉన్నాడు. ఊరుకున్నాడు. నిద్రపోయాడనుకున్నా."



నేను వంగి మూడు రాళ్లు ఏరాను. పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. అయినా పిలిచాను. "మకాతో, రా. ఇంటికి పోదాం."

"కాపురానికొచ్చి నెల కాలేదు, అప్పుడే పేరు పెట్టి పిలుస్తున్నావే!" అంటూ మామ్మ నా పిడికిలి విప్పి రాళ్లు కింద పడేసింది. "అది రాదులే. వాణ్ణి ఒక్కణ్ణీ వదిలి రాదు. మీరు పదండి."

ఒనోదెరా ఆమె పక్కనే ఉండిపోయాడు. మేమిద్దరం పైకి వచ్చాం. ఎండ, చెరకు తోటల గాలి. రియోతా గుహలోకి తొంగి చూసి కేకేశాడు.

"మామ్మా!"

"వస్తున్నా."

కాసేపాగి మళ్లీ పిలిచాడు.

"వస్తున్నానురా," అంది గొంతు, అదే దూరం నుంచి.