తాతబ్బాయి పొట్టలో నా కాపలా

నేను ఒక వలను. చేపలు పట్టేదాన్ని కాదు. పేగు జారకుండా డాక్టర్లు పొట్టగోడ లోపల పరిచే, అరచేతంత ప్లాస్టిక్ వలను. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, చాలాకాలం కవరులో నిద్రపోయి, ఒకనాడు సన్నని గొట్టంలోంచి దూరి, మండపేట వంటమేస్త్రి తాతబ్బాయి గజ్జ దగ్గర కాపలాకు కుదిరాను. అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు.

నేను కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. నా కన్నాల్లోంచి అతని కండ పెరిగి నన్ను పట్టుకోవాలి. అందాకా బరువులెత్తొద్దనీ, చుట్ట మానేసి దగ్గు తగ్గించుకోమనీ, మలబద్ధకం రానివ్వొద్దనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. తాతబ్బాయి బుద్ధిగా తలూపాడు. ఇంటికెళ్లి, చూడవచ్చిన వాళ్లందరికీ చొక్కా ఎత్తి చిన్న చిన్న గాట్లు చూపించాడు. గాటు చిన్నదైతే జబ్బూ చిన్నదేనని అతని లెక్క. చుట్ట మానలేదు. అతను దగ్గిన ప్రతిసారీ అంచులు బిగపట్టుకుని చచ్చేదాన్ని.

ఇంతలో ఒక పెళ్లివంట ఒప్పుకున్నాడు. కుర్చీలో కూర్చుని పని చెబుతానని భార్య సత్యవేణికి మాటిచ్చి వెళ్లాడు. కూర్చున్నాడు కూడా. కానీ తొలి అన్నం గుండిగను మేస్త్రి ఒక్కడే దించి గంజి వార్చాలట. రెండో చెయ్యి పడితే బంతిలో అన్నం చాలదని వాళ్ల నమ్మకం. పనివాళ్లిద్దరు చెరో చెవీ పట్టుకోబోతుంటే తాతబ్బాయి లేచాడు.

"నా పొయ్యి మీద నా చెయ్యి పడకపోతే ఇంక నేనెందుకురా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ గొంతులోని భయం విని కాస్త జాలీ వేసింది. అతను ఊపిరి బిగబట్టి ఎత్తాడు. నా కింది అంచు ఇంకా అతుక్కోలేదు. వద్దు మొర్రో అని మొత్తుకున్నాను, వినేదెవరు? అంచు మడతపడింది. ఆ సందులోంచి పేగు జారింది. అన్నం మాత్రం ఒక్క మెతుకు కింద పడలేదు. ఆఖరి బంతి లేచాక కూడా మిగిలిందని అందరూ మేస్త్రి చెయ్యి మెచ్చుకున్నారు. ఆ మేస్త్రేమో బోర్లించిన గంగాళం మీద, గజ్జ నొక్కుకుంటూ కూలబడి ఉన్నాడు.

మళ్లీ ఆపరేషనైంది. నన్ను ఊడబెరకడం కష్టమని అక్కడే ఉంచి, పక్కన కొత్త వలను పరిచారు. పాపం, మంచి ఉత్సాహంగా ఉంది. డాక్టరమ్మ పాత పాఠమంతా మళ్లీ చెప్పింది. తాతబ్బాయి బుద్ధిగా తలూపాడు. సత్యవేణి మందులకని బయటికెళ్లగానే గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు రెండున్నాయి కదండి మరి. ఇంక గుండిగెత్తొచ్చాండీ?"

ఈయన ఎప్పుడూ ఇంతేనా అని కొత్తది నన్నడిగింది. అంచులు గట్టిగా పట్టుకోమన్నాను.