రెండంగుళాలు తక్కువ టేపు

మా అత్త స్టూలు మీద నుంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న ఆరో రోజుకి మా దగ్గర ఐదు ప్లాన్లు తయారయ్యాయి. ఆవిడకి మాత్రం ఒక్కటీ చెప్పలేదు.

మొదటి ప్లాను ప్రకారం ఆసుపత్రి నుంచి సరాసరి ఇంటికే. కానీ అత్తా నేనూ ఉండేది మా కుట్టు షాపు పైన గదుల్లో. మెట్లు పద్దెనిమిది. మూడు నెలల దాకా మెట్ల మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. రెండోది అన్నయ్య ఇల్లు. మూడోది షాపులోనే మంచం వెయ్యడం. కటింగ్ బల్ల తీస్తే గానీ మంచం పట్టదు, బల్ల తీస్తే ఇక అది షాపే కాదు. నాలుగోది ఎవరో చెప్పిన వృద్ధుల కేంద్రం. ఆ మాట అన్నదీ నేనే, అని నాలుక కరుచుకున్నదీ నేనే. ఐదోది మళ్ళీ అన్నయ్య ఇల్లే, ఈసారి వదిన కూడా సరేనన్నాక.

అత్త మా నాన్నకి అక్క. అమ్మా నాన్నా పోయాక మెషీన్ తొక్కి మా ఇద్దరినీ పెంచింది. అన్నయ్య చదువుకుని బ్యాంకులో చేరాడు. నేను చదువు అబ్బక షాపులో కూర్చున్నాను. నాకు నలభై రెండేళ్ళు వచ్చేసరికి షాపే నా మీద కూర్చుంది.

ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం అత్తది. నొప్పి సంగతి ఎవరడిగినా "పర్లేదు" అనేది గానీ, ఆసుపత్రి వాళ్ళు తొడిగిన గౌను సంగతి మాత్రం వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది.

"ఈ నాడాలు వీపు వైపు పెట్టినవాడెవడో గానీ, చేతులు వెనక్కి తిప్పి ముడేసుకునే ఓపికుంటే నాకీ మంచమెందుకు?" అంది నర్సుతో. నర్సు పకపకా నవ్వింది. అత్త నవ్వలేదు. కుట్టు విషయంలో ఆవిడ పరాచికాలాడదు.

రోజూ పొద్దున్నే నన్ను మాత్రం ఒకటే అడిగేది.

"నన్నెక్కడికి తీసుకెళ్తున్నారే?"

"ఇంకా అనుకోలేదత్తా."

"అనుకునేటప్పుడు నన్నూ ఓ మాట అడగండి. విరిగిన కాలు నాదే."

నేను ఫ్లాస్కు కడిగే నెపంతో బయటికి పోయేదాన్ని. ఆరు రోజులుగా పగలు షాపు, సాయంత్రం ఆసుపత్రి, మధ్యలో బట్టల కోసం వచ్చేవాళ్ళ సాధింపు. నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. నిజం చెప్పొద్దూ, అత్త అన్నయ్య ఇంటికి వెళ్ళాలని అందరికంటే ఎక్కువగా కోరుకున్నది నేనే. ఆవిడ మంచి కోసం కాదు. నాకు మూడు నెలలు నిద్ర కావాలి.

ఇక్కడ మా టేపు సంగతి చెప్పాలి. అత్త మెడలో ఎప్పుడూ ఒక కొలతల టేపు వేలాడుతుంటుంది. వాడి వాడి దాని కొస పీలికలైపోతే, ఏళ్ళ క్రితమే మొదటి రెండంగుళాలూ కత్తిరించి పారేసింది. అంటే టేపు రెండు దగ్గర మొదలవుతుంది. ఏ కొలత వచ్చినా అందులోంచి రెండు తీసెయ్యాలి. షాపులో నేను నడుము ముప్పై ఆరని చదివితే, అత్త మెషీన్ మీద నుంచి తలెత్తకుండా "రెండు తీశావా?" అంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మా ఇద్దరికీ పిచ్చేమో అన్నట్టు చూస్తారు. అన్నయ్య ఒకసారి కొత్త టేపు కొనిచ్చాడు. అత్త దాంతో పాత పేపర్ల కట్ట కట్టింది.

ఆపరేషన్ రోజున ఆ టేపుని, కళ్ళజోడుని, గాజుల్ని ఒక కవర్లో వేసి అన్నయ్య చేతికిచ్చారు. ఆరో రోజు మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు.

"బాత్రూమ్ తలుపు కొలిచానే. అత్త టేపు కవర్లో ఉంటే దాంతోనే కొలిచా. ఇరవై ఆరు అంగుళాలు. వాకరు ఇరవై ఐదు. సరిపోతుంది, కొనేస్తున్నా."

బ్యాంకులో చేరాక వాడు టేపు ముట్టింది లేదు. రెండు తియ్యలేదని నాకు వెంటనే తెలిసిపోయింది. నాలుక చివరి దాకా వచ్చింది మాట. చెబితే ఐదో ప్లాను కూడా మూలన పడుతుంది, అత్త నాతోనే వస్తుంది.

"కొనెయ్," అన్నాను.

"ఎవరు? ఏం కొంటున్నాడు?" అంది మంచం మీద నుంచి అత్త.

ఇక దాచలేక చెప్పాను, అన్నయ్య ఇంటికి వెళ్తున్నామని, తలుపు ఇరవై ఆరు వచ్చిందని. అత్త నా వైపు తిరిగింది.

"దేంతో కొలిచాడు?"

"నీ టేపుతోనే."

"రెండు తీశాడా?"

"తీశాడు," అన్నాను.

నేను తడబడకుండా అబద్ధం చెప్పగలనని నాకప్పుడే తెలిసింది.

రెండ్రోజుల తర్వాత అత్తని అన్నయ్య ఇంటికి తీసుకొచ్చాం. వాడు గదిలోంచి తన బల్లా పుస్తకాలూ అన్నీ తీసేసి, గోడలకి రంగు కూడా వేయించాడు. వదిన మంచం పక్కనే గంట పెట్టింది, పిలవాలంటే కొట్టమని. ఆ గంట చూసేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అత్త వాకరు పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ బాత్రూమ్ దాకా నడిచింది. వాకరు తలుపు చౌకట్టుకి తగిలి ఆగిపోయింది.

"అదేంటి! ఇరవై ఆరు వచ్చిందే!" అన్నాడు అన్నయ్య.

వదినా నేనూ చెరో వైపూ పట్టుకుని ఎలాగో లోపలికీ, మళ్ళీ మంచం దగ్గరికీ చేర్చాం. అన్నయ్య ముఖం పాలిపోయింది. అత్తే తేరుకుంది.

"తలుపు తెరిచినా దాని మందమంతా చౌకట్టులోనే ఉంటుందిరా. తలుపు ఊడదీసెయ్. పరదా కట్టుకుంటే సరి."

అన్నయ్య స్క్రూడ్రైవర్ కోసం పరుగెత్తాడు. వదిన వంటింట్లోకి వెళ్ళింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"తీశాడన్నావు కదే," అంది అత్త, గొంతు పెంచకుండానే.

"అబద్ధం చెప్పానత్తా. నువ్విక్కడికి వచ్చేస్తే కొన్నాళ్ళు నన్నెవరూ పిలవరనుకున్నాను. బాగా అలిసిపోయాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎప్పట్నుంచి?" అంది.

"నువ్వు పడకముందు నుంచే. చాలా ఏళ్ళుగా."

అత్త దుప్పటి అంచుని వేళ్ళతో తడుముతూ కూర్చుంది.

"నన్నడక్కుండా ప్లాన్లు వేస్తున్నారని మీ మీద అలిగాను. మరి నేను నిన్నెప్పుడడిగాను, షాపులో కూర్చుంటావా అని? మీ అన్నయ్యని చదువుకి పంపినప్పుడు, నువ్వేమంటావని ఒక్కసారైనా అడిగానా?"

నాకు చదువు అబ్బలేదని నేనే అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అబ్బుతుందో లేదో ఎవరు చూశారు గనక! నేను ఏడుస్తుంటే అత్త ఆపమనలేదు.

అన్నయ్య వచ్చి తలుపు ఊడదీసి గోడకి ఆనించాడు. అత్త కవర్లోంచి టేపు తీయించి నా చేతికిచ్చింది.

"చూడు, ఎంతొస్తుందో."

చౌకట్టుకి అడ్డంగా పట్టాను. "ఇరవై ఏడున్నర."

"రెండు తీశావా?"

"తీస్తే ఇరవై ఐదున్నర."

"అర అంగుళం మిగిలింది. చాలు, పడుతుంది." టేపు తీసుకుని మెడలో వేసుకుంది. "ఒప్పుకున్న బట్టలు కుట్టిచ్చేసి షాపు మూసెయ్. పోయి పడుకో. మూడు నెలలయ్యాక వస్తాను. అప్పుడు అడుగుతాను, తెరుద్దామా వద్దా అని. నువ్వేమంటే అది."

"ఇప్పుడే అడగొచ్చుగా?"

"ఇప్పుడు నిద్ర మొహంతో ఉన్నావు. లేచాక చెబుదువుగాని."