ఇరవై అడుగుల ఖాదర్‌బీ

దాన్ని దిష్టిబొమ్మ అన్నవాడి నాలుక మీద పచ్చిమిరపకాయ రుద్దాలనిపిస్తుంది నాకు. ఎందరికని రుద్దను?

నేను ఎద్దుబండ్లు చేసే వడ్రంగిని. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక, దొడ్లలో చెదలు పడుతున్న చక్రాలు, నొగలు, కాడిమానులు అడిగి తెచ్చుకుని రెండేళ్లు చెక్కాను. ప్రత్తిపాడు రోడ్డు పక్కన, నా షెడ్డు ముందు నిలబెట్టాను ఇరవై అడుగుల బొమ్మని. అది మా అమ్మ ఖాదర్‌బీ. నలభై ఏళ్లు కూలికి మిరపకాయలు కోసి నన్ను పెంచింది. ఆ సంగతి దారిన పోయే ప్రతివాడికీ తెలియాలని నా కోరిక.

తెలిసిందేమిటి? లారీవాళ్లు ఆగి మరీ పాత చెప్పులు కట్టి పోతున్నారు. ఎవడో తారుతో మీసం పెట్టాడు. "ఇది మిరపకాయలు కోసే మనిషి" అని బోర్డు రాసి కొడితే, ఆ మేకుకే నిమ్మకాయల దండ తగిలించారు.

ఆదివారం అమ్మ మా చెల్లెలింటి నుంచి బొమ్మని చూడటానికి వస్తానంది. పొద్దున్నే నిచ్చెన వేసుకుని చెప్పుల తాళ్లు కోస్తున్నాను. ఇంతలో ఎదురుచేను చెంచురామయ్య బూడిదగుమ్మడికాయ తెచ్చి బొమ్మ కాళ్ల దగ్గర ఫట్‌మని పగలగొట్టాడు.

"ఏందయ్యా ఇది? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" నిచ్చెన మీంచే అరిచాను.

"అరవమాక ఇమాం హుస్సేనూ! ఊరంతా మిరపని నల్లతామర పురుగు తినేసింది, నా చేనొక్కటే మిగిలింది. అంతా నీ బొమ్మ చలవే!"

"అది మా అమ్మయ్యా!"

అప్పుడే ఆటో ఆగింది. అమ్మ దిగింది. నా చేతిలో ఇంకా రెండు చెప్పులున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె తలెత్తి బొమ్మని చూసింది.

"నేనంటరా ఇది?"

"నువ్వేనమ్మా. వీళ్లకి కళ్లు లేవు, దిష్టిబొమ్మంటున్నారు."

"అనరా మరి? నడుం నిటారుగా పెట్టి, చేతులు చాపుకుని చేలో నిలబడేది అదొక్కటే. మేం నడుం ఎత్తితే మేస్త్రి ఊరుకునేవాడా?"

దూరం నుంచి కనబడాలని కాడిమానుని చేతులుగా అడ్డంగా బిగించింది నేనే.

అమ్మ కొంగు బిగించి, చెట్టు ముందున్నట్టే వంగి, కాయలు ఎలా కోసేదో చూపించింది. ఇట్టే వంగింది. మళ్లీ లేవలేకపోయింది. నేనూ చెంచురామయ్యా చెరో రెక్కా పట్టుకుని లేపాం.

నడుం వంచితే బొమ్మ పన్నెండడుగులకు దిగుతుంది. అంత దూరం నుంచి కనబడదు కూడా. ఏడ్చినట్టుంది నా గొప్ప అనుకుని, రంపం కోసం షెడ్డులోకి వెళ్లాను.