జనంలో ఒక గొంతు

పద్దెనిమిదేళ్లుగా తొకుమిత్సు టోక్యో స్టూడియోల్లో జనానికి గొంతు అరువిస్తున్నాడు. బొమ్మల సీరియళ్లలో ఊరు తగలబడితే కేకలు పెట్టేదీ, రాజు వస్తే జేజేలు కొట్టేదీ అతనే. చివర్లో పరిగెత్తే పేర్లలో అతని వాటా "గ్రామస్థుడు 3". ఈ నెలలోనైనా పేరున్న పాత్ర పడకపోతే జాబితాలోంచి కొట్టేస్తామని అతన్ని స్టూడియోలకు పంపే సంస్థ తేల్చేసింది.

అదృష్టం బాగుండి కాకుజో అనే సేనాపతి పాత్ర పడింది. నాలుగు మాటలు, ఒక చావు.

ఆ పొద్దున గుడ్డ చప్పుడు మైకులో పడకుండా మెత్తటి నూలు చొక్కా తొడిగాడు. కడుపు గుర్రుమనకుండా రెండు అన్నం ముద్దలు మింగాడు. స్టూడియోలో తలుపు పక్కనుండే తన పాత కుర్చీ వదిలేసి, దర్జాగా నడిమి కుర్చీలో కూర్చున్నాడు. వంతు రాగానే మైకు ముందుకెళ్లి, "సేనలారా, పదండి ముందుకు!" అన్నాడు.

అద్దం అవతలి నుంచి కుర్ర డైరెక్టర్ ఉరాబె, "ఇక మొదలెట్టండి అన్నగారూ" అన్నాడు.

"మొదలెట్టానండీ."

"అవునా?"

జనం గొంతు వేసేవాడికి మొదటి పాఠం ఒకటే: ఎవడి గొంతూ పైకి తేలకూడదు. ఆ విద్య తొకుమిత్సుకు ఎముకల్లోకి ఇంకిపోయింది. ఏడుసార్లు చెప్పించినా, సేనాపతి నాలుగిళ్ల అవతల కూరగాయలు బేరమాడుతున్నట్టే ఉంది.

"ఏమనుకోకండి అన్నగారూ, మీ గొంతు బ్రహ్మాండం. అసలు మనిషే లేనట్టుంది. మినాసె, నువ్వోసారి చూడు."

మినాసె ఈ పనిలోకొచ్చి ఏడాది కాలేదు. వేదికలెక్కి ఆడతాడు, పాడతాడు, తన మొహం అచ్చేసిన విసనకర్రలు అమ్ముకుంటాడు. "క్షమించండి గురువుగారూ, మీ పాత్ర నేనెలా..." అంటూ నడుం విరిగేలా వంగాడు. వంగినవాడు వంగినట్టే కాగితాలు అందుకున్నాడు. ఒక్క దెబ్బకి ముగించాడు.

తర్వాతి ఘట్టం, కాకుజో శవం ముందు ఊరి ఏడుపు. జనం మాటలు ఎవరూ రాసివ్వరు. ఎవడికి తోచింది వాడు ఏడవాలి. అందరూ "అయ్యో దొరా!" అంటుంటే, తొకుమిత్సు వెనక వరసలోంచి మైకు మీదికొచ్చి పేగులు తెగేలా అరిచాడు.

"తొకుమిత్సూ! అన్యాయమైపోయావు గదయ్యా, తొకుమిత్సూ!"

రికార్డింగ్ ఎర్రదీపం ఆరింది. పక్కనున్న కుర్రాళ్లు తలలు దించుకున్నారు.

"తొకుమిత్సు అని ఎవరో ఏడ్చారు, ఎవరా తొకుమిత్సు?" అన్నాడు ఉరాబె. "ఎవరైతేనేంలే, బాగుంది. ఊళ్లో ఇంకొకడు కూడా పోయినట్టుంది. అలాగే ఉంచేయండి."