తెగిన గీత

తడి మట్టి వాసన. వేళ్ళ సందుల్లోంచి సన్నగా రాలే బియ్యప్పిండి...

రెండేళ్ళుగా తవిటమ్మ వాకిట్లో ఆ పిండి రాలలేదు.

బాప్తిస్మం తీసుకున్న రోజే సంఘపెద్ద చెప్పాడు — ఇక ముగ్గులు వద్దు.

ఆ రోజే ఎదురింట్లో ఉండే తల్లి కూర్మమ్మ తలుపు వేసుకుంది. మా దేవుణ్ణి కాదన్నది నా కూతురే కాదంది. అంతే. మాట లేదు. చూపు లేదు.

ముగ్గు మానేసింది తవిటమ్మ. చెయ్యి మాత్రం మానలేదు.

అరవై ఎనిమిది జనవరిలో సంఘంలో అందరికీ క్యాలెండర్లు పంచారు. గడిగడికీ ఒక బైబిలు వాక్యం. ఆమెకు చదవడం రాదు. నెల్లిమర్ల మిల్లు పొద్దుటి కూత వెయ్యగానే పెన్సిలు తీసేది. రోజుకో గడి. గడికో ముగ్గు. నడుమ చుక్క — తాను. చుట్టూ గీత — ప్రభువు చెయ్యి.

గీత తెగకూడదని చిన్నప్పుడు నేర్పింది కూర్మమ్మే.

తవిటమ్మ తెంచేది. కావాలనే. నువ్వుగింజంత సందు... అమ్మ లోపలికి రావాలి కదా!

అదే ఆమె ప్రార్థన. నోరు తెరిచేది కాదు.

మార్చి పదిహేడు, ఆదివారం. సంఘపెద్ద ఇంటికొచ్చాడు. గోడ మీది క్యాలెండర్ చూశాడు.

"వాక్యం మీద ముగ్గులేటమ్మా?"

"నాకు సదువు రాదు బాబూ. నా సెయ్యే మాటాడతాది. ఆయన వింటన్నాడు."

క్యాలెండర్ చుట్టి చంకలో పెట్టుకుపోయాడు. మళ్ళీ గీస్తే సంఘంలో పేరుండదన్నాడు.

గోడకు మేకు మిగిలింది.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. కాగితం పట్టుకుపోయాడు సరే — నేలను చుట్టి పట్టుకుపోగలడా?

మర్నాడు మిల్లు కూతకు ముందే వాకిలి ఊడ్చింది. కళ్ళాపి జల్లింది. పిండి గిన్నె తీసింది. ముప్పై ఒక్క గడులు గీసింది. గడిగడికీ చుక్క. చుక్క చుక్కకీ గీత. ప్రతి గీతలోనూ సందు — వీధి వైపు, ఎదురింటి వైపు.

పేరు తీసేస్తే తీసెయ్యనీ. ప్రార్థన ఎలా తీస్తాడో చూస్తాను.

మిల్లు కూత వేసింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. చంకన బిందెతో కూర్మమ్మ. రోజూలాగే తల తిప్పుకుని పోవాలి.

ఆగింది.

ఒక గడి చూసింది. పక్క గడి చూసింది. ముగ్గులో తప్పు కనిపిస్తే ఊరుకునే మనిషి కాదు...

"గీతలన్నీ తెగిపోనాయేటి!"

గాలితో అన్నట్టే అంది. కానీ అంది. రెండేళ్ళకు మొదటి మాట.

తవిటమ్మ గీతలు కలపలేదు. పిండి గిన్నె అమ్మ వైపు చాచి నిలబడింది.

గిన్నె ఒరిగి అంచు మీదుగా పిండి రాలుతోంది — సన్నగా, తడి మట్టి మీద.